మీరడిగారు, మేం చెప్తున్నాం: సున్నాలు కలిపితే గీత ఎలా అయింది?

ప్రశ్న: సార్, మా పాప తొమ్మిదో క్లాసు. బిందువుకి పొడవూ వెడల్పూ ఏమీ ఉండవని చదివింది, రేఖ అంటే బిందువుల సముదాయం అని కూడా చదివింది. "పొడవు లేనివి ఎన్ని పోగేసినా పొడవెలా వస్తుంది, సున్నాకి సున్నా కలిపితే సున్నాయేగా" అని నిలదీసింది. నేనేమో కామర్స్, తెల్లమొహం వేశాను. కాస్త చెప్పండి.

జవాబు: అమ్మా, ముందు పాపకి నా తరఫున ఒక షేక్‌హ్యాండ్ ఇవ్వండి, మంచి డౌట్ పట్టింది.

పెన్సిల్‌తో పెట్టే చుక్క బిందువు కాదండీ, బిందువు ఫలానా చోట ఉంది అని చెప్పే గుర్తు, అంతే. ఆ చుక్కని భూతద్దం కింద పెట్టి చూడండి, అంచులు చెదిరిపోయి పెద్ద మచ్చలా కనిపిస్తుంది. క్రీ.పూ. 300 ప్రాంతంలో యూక్లిడ్ అనే గ్రీకు గణితవేత్త భాగాలు లేనిది బిందువు, వెడల్పు లేని పొడవు రేఖ అన్నాడు. బానే ఉంది గానీ మరి భాగం అంటే ఏంటి, పొడవు అంటే ఏంటి అని మీ పాపలాంటి వాళ్ళు అడుగుతూ పోతే ఆ గొలుసు ఎక్కడా తెగదు. అందుకే 1899లో హిల్బర్ట్ అనే జర్మన్ గణితవేత్త బిందువు, రేఖ, తలం (అంటే అన్ని వైపులా సాగిపోయే బల్లపరుపు చదును) ఈ మూడింటికీ అసలు నిర్వచనమే ఇవ్వకుండా, రెండు బిందువుల గుండా ఒకే ఒక్క రేఖ పోతుంది లాంటి రూల్స్ మాత్రం రాసి ఊరుకున్నాడు. పుస్తకంలో 'అనిర్వచిత పదాలు' అని కనిపిస్తే చేతకాక వదిలేశారనుకోకండి, కావాలనే వదిలేశారు.

ఇక సున్నాల గోల. కలపాలంటే ముందు వరసలో పెట్టాలి కదా, ఇది మొదటిది, ఇది దాని పక్కది అని. రేఖ మీద ఏ బిందువుకీ పక్క బిందువు అంటూ ఉండదు, ఇదే పక్కది అని మీరు వేలు పెట్టేలోపు ఆ రెంటి మధ్యలో ఇంకోటి దూరుతుంది, దానికీ దీనికీ మధ్యలో మళ్ళీ ఇంకోటి. 1874లో కాంటర్ అనే ఇంకో జర్మన్ గణితవేత్త ఇంకా ముందుకెళ్ళి, వాటికి ఒకటి, రెండు, మూడు అని ఏ పద్ధతిలో నంబర్లేసుకుంటూ పోయినా కొన్ని మిగిలిపోవాల్సిందేనని నిరూపించాడు. అంటే మనకొచ్చిన కూడికకి అవి లొంగే సరుకే కాదు.

నమ్మకం కుదరకపోతే పాపని ఒక త్రిభుజం గీయమనండి, కింది భుజం 8 సెంటీమీటర్లు. పక్క భుజాల మధ్యబిందువులు రెండూ కలిపితే లోపల 4 సెంటీమీటర్ల అడ్డగీత వస్తుంది. ఇప్పుడు పై మూల దగ్గర స్కేలు ఆనించి కింది భుజం మీద ఎక్కడికి గీసినా ఆ గీత మధ్యలో ఉన్న అడ్డగీతని సరిగ్గా ఒక్క చోట దాటుతుంది, కింద చోటు మారిస్తే పైనా మారుతుంది. అంటే 8లో ఉన్న ప్రతి బిందువుకీ 4లో ఒక జోడీ దొరికింది, ఇటు గానీ అటు గానీ ఒక్కటీ మిగల్లేదు. అయినా ఒకదాని పొడవు రెండోదానికి రెట్టింపు! కాబట్టి ఎన్ని బిందువులున్నాయి అనేదాన్నిబట్టి పొడవు రాదు, ఆ చివరికీ ఈ చివరికీ మధ్య దూరాన్నిబట్టి వస్తుంది. ఇది చూశాక పాప ఇంకో పది ప్రశ్నలు వేస్తే నాది పూచీ కాదు.

ప్రశ్న: మూడు కాళ్ళ స్టూలు ఎక్కడేసినా కుదురుగా ఉంటుంది, నాలుగు కాళ్ళ కుర్చీ టకటకా ఊగుతుంది. కాళ్ళెక్కువైతే గట్టిగా ఉండాలి కదండీ?

జవాబు: ఒకే గీత మీద లేని మూడు బిందువుల గుండా ఒకే ఒక్క తలం పోతుంది. స్టూలు కాళ్ళ కొనలు మూడూ అవే, ఇక ఊగడానికి రెండో దారి లేదు. కెమెరా స్టాండుకి మూడు కాళ్ళే పెట్టింది కూడా అందుకే. నాలుగో కాలు ఆ తలంలోనే పడాలని రూలేం లేదు, వెంట్రుకవాసి పొట్టిదైనా చాలు. ఈసారి కుర్చీ ఊగినప్పుడు కిందికి వంగి చూడండి, ఎదురెదురు మూలల్లో ఉన్న రెండు కాళ్ళు కదలవు, మిగతా రెండూ వంతులేసుకుని నేలకి తగులుతుంటాయి. కదలని ఆ రెండు కొనల్నీ కలిపే రేఖే అక్కడ ఇరుసు, కుర్చీ ఆ రేఖలో కోసుకునే రెండు తలాల మధ్య అటూ ఇటూ దొర్లుతోందన్నమాట. తలుపు కూడా అంతే, బందులన్నీ ఒకే గీత మీద ఉంటాయి, ఒక గీత గుండా ఎన్ని తలాలైనా పోతాయి కాబట్టి అది తిరుగుతుంది, ఆ గీతకి దూరంగా గడియ పెట్టగానే మూడో బిందువు దొరికి ఆగిపోతుంది. అన్నట్టు ఒక్కోసారి కాళ్ళు సరిగ్గానే ఉండి నేలే ఎగుడుదిగుడుగా ఉంటుంది, కాగితం మడిచి కింద పెట్టేముందు కుర్చీని ఉన్నచోటే కొంచెం కొంచెం తిప్పి చూడండి, చాలాసార్లు కుదురుతుంది.

ప్రశ్న: ఎంత పొడిగించినా కలవని రేఖలు సమాంతర రేఖలు అని రాస్తే అర మార్కు కట్ చేశారు సార్. తప్పేముంది?

జవాబు: తమ్ముడూ, 'ఒకే తలంలో' అన్న ముక్క మింగేశావు. నువ్వు కూర్చున్న గదిలోనే చూడు, ఎదురుగోడ పైకప్పుని కలిసే అంచు ఎడమ నుంచి కుడికి పోతుంది, ఎడమగోడ నేలని కలిసే అంచు నీ వైపు నుంచి ఎదురుగోడ వైపుకి పోతుంది. ఎంత సాగదీసినా ఆ రెండూ కలవవు, అలాగని సమాంతరమా అంటే అదీ కాదు. వీటిని స్క్యూ లైన్స్ అంటారు, రెంటినీ కలిపి ఏ తలంలోనూ కూర్చోబెట్టలేం. అర మార్కే పోయింది, నేనైతే ఒకటి కోసేవాణ్ణి.