బాస్కెట్ కింద నిలవాలంటే బరువా, బలమా?

నమస్కారమండీ. బాస్కెట్‌బాల్ ఆడే మీ అబ్బాయి బాగా పొడగరి అయినా సన్నగా ఉండటం వల్ల బాస్కెట్ కింద అవతలివాళ్లు నెట్టేస్తున్నారనీ, బరువు పెంచాలా అనీ అడిగారు. పెంచాలి, కానీ ముందు తొడలు, నడుము గట్టిపడాలి. ఎందుకంటే రీబౌండ్ సమయంలో, అంటే గురితప్పి బాస్కెట్ నుంచి తిరిగొచ్చే బంతిని అందుకునేటప్పుడు, పాదాలు వెడల్పుగా పెట్టి, మోకాళ్లు వంచి, తుంటితో వెనుకవాణ్ణి ఆపి నిలబడే ఆటగాణ్ణి కదిలించడం చాలా కష్టం. 2000 నుంచి 2002 వరకు అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ మూడు ఫైనల్స్‌లోనూ అత్యుత్తమ ఆటగాడైన షకీల్ ఓనీల్‌కు భారీకాయం ఎంతో కలిసివచ్చిన మాట నిజమే. అయినా 1995 ఫైనల్స్‌లో అతనికన్నా తేలికైన హకీమ్ ఒలాజువాన్, పాదాల కదలికలోని అద్భుతమైన నేర్పుతో, ఓనీల్ జట్టుపై తన జట్టును 4-0 తేడాతో గెలిపించాడు. కోచ్ పర్యవేక్షణలో స్క్వాట్లు (బరువుతో గుంజీలు), డెడ్‌లిఫ్టులు (నేలమీది బరువును ఎత్తడం) చేయిస్తూ కడుపునిండా మంచి తిండి పెట్టండి. పరుగులో వేగం తగ్గుతున్నట్టు కనిపిస్తే మాత్రం బరువు పెంచడం అక్కడితో ఆపండి.