యాంటీబాడీ తగ్గలేదని మందు మానేస్తారా?

ప్రశ్న: మా అమ్మకు 51 ఏళ్లు, బరువు 62 కిలోలు. ఏడాదిన్నరగా ఒళ్లంతా దురద. మెడికల్ షాపులో అలర్జీ మాత్రలు తెచ్చి వాడాం. తర్వాత కాలేయానికి చేసే రక్తపరీక్షల్లో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 386 (ఎక్కువ), బిలిరుబిన్ 0.9 (మామూలే) వచ్చాయి. ఏఎంఏ-ఎం2 అనే యాంటీబాడీ పాజిటివ్, 3+. పీబీసీ (ప్రైమరీ బిలియరీ కొలాంజైటిస్) అనే కాలేయ జబ్బని చెప్పి అర్సోడియాక్సికోలిక్ యాసిడ్ 300 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి ఇచ్చారు. మూడు నెలలకు ఏఎంఏ మళ్లీ చేయిస్తే అదే 3+. మందు పనిచేయడం లేదని ఆపేసి తిప్పతీగ కషాయం తాగుతోంది. యాంటీబాడీ నెగెటివ్ కావాలంటే ఏం తినాలి?
– ఓ పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: ఏం తిన్నా నెగెటివ్ కాదమ్మా. కానక్కర్లేదు కూడా. ముందు ఆ కషాయం ఆపించండి. కొవిడ్ రోజుల్లో తిప్పతీగ తాగి కాలేయం దెబ్బతిన్న కేసులు మన దేశంలోని ఆస్పత్రుల నుంచే వైద్య పత్రికలకెక్కాయి. మీ అమ్మగారికి రోగనిరోధక వ్యవస్థే దారితప్పి కాలేయంలోని సన్నటి పిత్తనాళాల మీద పడుతోంది. రోగనిరోధక శక్తి పెరుగుతుందని తాగే కషాయంతో దానికి ఇంకా బలం పోస్తారా?

పీబీసీ ఉన్నవారిలో 90–95 శాతం మందికి ఏఎంఏ పాజిటివే. జబ్బును పట్టుకోవడానికి అది చాలా మంచి గుర్తు, అంతవరకే. స్ట్రిప్ మీద గీత ముదురుగా పడితే 3+ అంటారు, జబ్బు ముదిరిందని కాదు. దాన్ని మళ్లీ మళ్లీ చేయించడం డబ్బు దండగ. మందు పనిచేస్తోందా లేదా అన్నది ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, బిలిరుబిన్ చెబుతాయి. మీరు ఆ రెండూ తిరిగి చేయించినట్టు లేదు. పాత రిపోర్టులో జీపీ210 అన్న యాంటీబాడీ కూడా పాజిటివ్ ఉంటే డాక్టరుకు తప్పక చూపించండి. అలాంటివారిని ఇంకాస్త దగ్గరగా గమనిస్తాం.

మీరు అడగలేదు గానీ, నాకు అనుమానంగా ఉన్నది డోసు. ఈ మందు సాధారణంగా కిలో బరువుకు రోజుకు 13 నుంచి 15 మిల్లీగ్రాములు. 62 కిలోలకు 800–900 దాకా వస్తుంది. 300 చాలకపోవచ్చు. అలాగని మీరే పెంచేయకండి. కొద్దికొద్దిగా పెంచుదామని మొదలుపెట్టి ఉండవచ్చు, మధ్యలో మీరు వెళ్లడం మానేసి ఉండవచ్చు. పైగా రిపోర్టులు నా ముందు లేవు. అల్ట్రాసౌండ్ సంగతి కూడా రాయలేదు. పెద్ద పిత్తనాళాల్లో అడ్డు లేదని తేల్చుకోవాలి కదా. గ్యాస్ట్రోఎంటరాలజిస్టును కలవండి.

ఇక ఏడాదిన్నర అలర్జీ మాత్రలు! దద్దుర్లు లేని దురద, అందులోనూ అరచేతుల్లో, అరికాళ్లలో, రాత్రిపూట ఎక్కువైతే, కాలేయ పరీక్ష ఒక్కటి చేయించాల్సింది. ఇలాంటి కొందరి వీపు చూస్తే గోకి గోకి నల్లబడి ఉంటుంది, చెయ్యి అందని నడివీపు మాత్రం మామూలు రంగులో ఉంటుంది. ఆ దురదకు షాపు మాత్రలతో నిద్ర పడుతుందేమో గానీ జబ్బు ఆగదు. దురదకు డాక్టరు కొలెస్టిరమైన్ పొడి తాగమని రాసిస్తే, దానికీ అర్సో మాత్రకూ కనీసం నాలుగు గంటల ఎడం ఉంచండి.

కళ్లు పచ్చబడినా, పొట్ట ఉబ్బినా, మలం తారులా నల్లగా వచ్చినా అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి.