గ్రీన్‌హుడ్ కుండీ గురించి శ్రావణికి

చిరంజీవి శ్రావణికి,

నీ గ్రీన్‌హుడ్ ఆర్కిడ్ ఆకులు పసుపుపచ్చబడుతున్నాయని టెన్షన్ పడి రోజూ నీళ్లు పోస్తున్నానని రాశావు. ముందు ఆ నీళ్లు ఆపేయమ్మా. మొక్క చావట్లేదు, పడుకుంటోంది. ఆకులు పూర్తిగా ఎండాక కుండీని వాన తగలని నీడలో పెట్టు. దీన్ని చంపేది ఎండాకాలం కాదు, ఎండాకాలంలో మనం జాలిపడి పోసే నీళ్లు. దుంప కుళ్లిపోతుంది.

మన బాల్కనీల్లో వేలాడదీసే ఆర్కిడ్లు చెట్ల మీద బతికే రకాలు. ఇది నేలలో బతికేది, ఆ పద్ధతులేవీ దీనికి పనికిరావు. మెల్‌బోర్న్ వాతావరణంలో దీని ఏడాదిని నేను మన పండుగలతో గుర్తుపెట్టుకుంటాను. ఉగాది వేళకు ఆకులు మట్టి పైకి వస్తాయి. చలికాలమంతా, అంటే ఇక్కడ జూన్ నుంచి ఆగస్టు దాకా, కుండీ తడిగా ఉండాలి. వినాయక చవితి రోజుల్లో పూలు. దీపావళి దాటేసరికి ఇదిగో, నువ్వు చూస్తున్న పసుపు రంగు. సంక్రాంతి లోపు కుండీ మార్చడం.

కుండీ మార్చేటప్పుడు పాత పేపర్ పరిచి దాని మీద బోర్లించు. మట్టి పొడిగా రాలిపోతుంది, తెల్లటి గుండ్రటి దుంపలు దొరుకుతాయి, దాదాపు బఠాణీ గింజంత. ముడుచుకుపోయి గోధుమ రంగులో ఉన్నవి నిరుటివి, పారెయ్. ఈ రకంలో ఒక్కో మొక్క తన స్థానంలో ఒక కొత్త దుంపను పెట్టి, వేళ్ల చివర ఇంకొన్ని పెడుతుంది. అందుకే కుండీ త్వరగా నిండుతుంది. కొత్త మట్టిలో సుమారు సగం గరుకు ఇసుక, మిగతాది మాగిన ఆకుల ఎరువు, కాస్త తోటమట్టి. ఎరువులు ముందే కలిపి అమ్మే కుండీ మట్టి (పాటింగ్ మిక్స్) వద్దు. మొలక కన్ను పైకి ఉండేలా మూడు నాలుగు సెంటీమీటర్ల లోతులో పెట్టి, పైన షీ-ఓక్ ఆకుల్ని కత్తిరించి పలచగా పరువు. షీ-ఓక్ అంటే వేరే ఏదో కాదు, మన బాపట్ల, చీరాల తీరంలో కనిపించే సరుగుడు కుటుంబమే. వాన చినుకులకు మట్టి చిందితే ఆకులు కుళ్లుతాయి, ఈ సూదుల పొర అది జరగనివ్వదు. చలికాలంలో నత్తల్ని మాత్రం రాత్రిపూట టార్చ్ వేసి ఏరాల్సిందే, ఒక్క రాత్రిలో ఆకంతా తినేస్తాయి.

ఇక నీ మొక్క పేరు. సెప్టెంబరులో పంపిన ఫోటోలో పువ్వు నిటారుగా ఉంది, పైరేకులు కలిసి కట్టిన ముసుగులోంచి బయటికొచ్చిన గోధుమ రంగు నాలుక (నాలుకలాంటి రేకు) కొన ఒక పక్కకి మెలితిరిగి ఉంది. అది టెరోస్టైలిస్ కర్టా, గ్రీన్‌హుడ్లలో ఒక రకం. పువ్వు తల బాగా వంచుకుని నేల చూస్తూ ఉంటే టెరోస్టైలిస్ న్యూటాన్స్ అనే ఇంకో రకం అయ్యేది. రెండింటికీ 1810లో రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రవేత్త పేర్లు పెట్టాడు. రంగు చూసి మాత్రం పేరు చెప్పకు, దాదాపు అన్నీ ఆకుపచ్చే.

నాలుకలో ఇంకో తిరకాసు ఉంది. చిన్న దోమలాంటి పురుగు దాని మీద వాలగానే అది చటుక్కున పైకి లేచి పురుగును ముసుగులో బంధిస్తుంది. బయటికి ఒకటే ఇరుకు దారి. ఆ దారిలో దూరేటప్పుడే పుప్పొడి ముద్ద దాని వీపుకు అంటుకుంటుంది. గాలికో, నీ వేలు తగిలో లేచినా నాలుక లోపలే దాక్కుంటుంది, మెలిక కనబడదు. అలాంటి పువ్వును చూసి ఏ రకమో తేల్చకు. అది మళ్లీ కిందికి దిగేదాకా ఆగు.

బుష్‌వాక్‌లో, అంటే అడవి నడకలో, కనబడిన వాటిని తవ్వి తెచ్చుకోవాలనిపిస్తుంది నీకు, నాకు తెలుసు. ఇక్కడ అది నేరం. పైగా స్పైడర్ ఆర్కిడ్ లాంటి ఇతర నేల ఆర్కిడ్లు మట్టిలోని ఒక ఫంగస్‌ మీద ఆధారపడి బతుకుతాయి, తవ్వి తెచ్చినవి కుండీలో నిలవవు. ఆస్ట్రలేషియన్ నేటివ్ ఆర్కిడ్ సొసైటీ వాళ్లు సభ్యులకు దుంపలు ఇస్తారు, చేరు. కర్టా, న్యూటాన్స్ రెండూ కొత్తవాళ్లకు బాగా వచ్చేవే, మరో ఏడాది వీటితోనే ఉండు.

వచ్చే ఏడు పూశాక ఫోటోలు మూడు పంపు: ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి, నేల మీద ఆకులది ఒకటి. పై నుంచి తీసింది పంపకు, అందులో నాలుక కనబడదు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ