హంతకుడు ఒప్పుకున్నాక మొదలయ్యే కథ

చిరంజీవికి,

ఆశీస్సులు. మొన్న ఆదివారం శాఖా గ్రంథాలయంలో మేము నలుగురు క్రైమ్ రచయితలం మాట్లాడినప్పుడు, హంతకుడెవరో పాఠకుడు ముందే పసిగట్టకుండా ఏం చేయాలని అడిగావు. తలా ఒక చిట్కా చెప్పాం. నువ్వు ఇచ్చి వెళ్లిన కథ చదివాక, నీకు కావలసింది ఆ చిట్కాలు కావనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

కథ మొదలు చాలా బాగుంది. చెరువుగట్టు కింద శవాన్ని చూసిన పాలవాడు ముందు సైకిలుకు స్టాండు వేసి, క్యాన్లు ఒరగకుండా సర్ది, ఆ తర్వాత కేక పెడతాడు చూడు, అది నువ్వు కళ్లారా లోకాన్ని చూస్తున్నావనడానికి గుర్తు. కానీ చివరికి వచ్చేసరికి ఇన్‌స్పెక్టరు బల్ల గుద్దగానే హంతకుడు జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పేశాడు, కథ అయిపోయింది. ఆ పేజీలు తీసెయ్యి అమ్మా. కోర్టులో వాటికి పూచికపుల్ల విలువ ఉండదు.

పోలీసుల ముందు ఒప్పుకున్న నేరాన్ని నిందితుడి మీద రుజువుగా వాడకూడదని 1872 నాటి సాక్ష్యాధారాల చట్టం చెప్పింది. 2024 జూలై 1న దాని స్థానంలో అమల్లోకి వచ్చిన కొత్త చట్టమూ 23వ సెక్షన్లో అదే చెబుతోంది. కొడితే ఎవరి చేతనైనా ఏదైనా చెప్పించవచ్చన్న ఎరుకే దీనికి మూలం. మేజిస్ట్రేటు ముందు చెబితే చెల్లుతుంది. అయితే చెప్పి తీరాలని లేదనీ, చెబితే అది తన మీదికే రావచ్చనీ ఆయన ముందుగా హెచ్చరించాలి. ఆ హెచ్చరిక విని కూడా నోరు విప్పే మనిషి గుండెలో ఏముంటుంది? దాని మీదే ఒక నవల రాయవచ్చు.

ఈ నియమానికి ఒక మినహాయింపు ఉంది. మన రచయితల్లో దాన్ని వాడుకున్నవారు తక్కువ. గుంటూరు సెషన్స్ కోర్టు నుంచి, బ్రిటిష్ పాలనలో మనకు ఆఖరి అప్పీలు కోర్టుగా ఉన్న లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లిన హత్య కేసు ఒకటుంది. 1947 లా రిపోర్టుల్లో అచ్చయింది, పులుకూరి కోటయ్య కేసంటే ఏ న్యాయవాదైనా చెబుతాడు. బల్లేన్ని గడ్డివాములో దాచానని నిందితుడు చెప్పిన కేసు అది. దాచిన చోటు చూపిస్తానన్న మాట వల్ల వస్తువు బయటపడితే ఆ మాట నిలుస్తుంది. దానితోనే పొడిచానన్న మాట నిలవదు. ఒకే వాక్యాన్ని చట్టం రెండుగా కోసి సగమే లోపలికి రానిస్తుంది. రెండో సగాన్ని డిటెక్టివ్ వేరే దారిన సంపాదించుకోవాలి. నీ కథకు కావలసిన బిగి అక్కడుంది.

నీ కథలో కొడవలి తూము కింద దొరికిందన్నావు. ఆ తూము దగ్గర ఎవరెవరు నిలబడ్డారో రాయలేదు. ఇద్దరు మధ్యవర్తులు, అంటే వస్తువు దొరకడాన్ని కళ్లారా చూసే బయటి సాక్షులు, ఉండాలి. ఒకరు వీఆర్వో అనుకో. ఇంకొకరు, ఎస్సై పిలిస్తే కాదనలేక వచ్చిన టీ కొట్టాయన. కొడవలిని కాగితంలో చుట్టి, లక్కతో సీలు వేసి, ఇద్దరి సంతకాలున్న చీటీ అంటిస్తారు. పంచనామా చదివి వినిపిస్తారు. టీ కొట్టాయన తడిచేతిని లుంగీకి తుడుచుకుని సంతకం పెడతాడు. ఏళ్ల తర్వాత సమన్లు వస్తాయి. బోనులో ఆయన, ఎదురుగా రోజూ తన కొట్టుకు వచ్చే నిందితుడి అన్నదమ్ములు. "సంతకం నాదేనండీ, పోలీసులు తెల్లకాగితం మీద పెట్టమంటే పెట్టాను" అంటాడు. కేసు అక్కడే కూలిపోవచ్చు. ఇప్పుడు సోదానూ స్వాధీనాన్నీ వీడియో తీయాలని, సాక్ష్యాల చట్టంతో పాటే అమల్లోకి వచ్చిన కొత్త నేర విచారణ చట్టం అంటోంది కనుక, ఆయనకు అబద్ధం ఇంకా కష్టమవుతుంది. భయం మాత్రం తగ్గదు. నిజం తెలిసిన పిరికివాడి కంటే ఉత్కంఠ రేపే పాత్ర నాకు తెలియదు.

చనిపోయిన మనిషి గురించి ఒక్క మాట. నీ కథలో అతనికి పేరు, గాయాలు తప్ప ఏమీ లేవు. ఎవరికి బాకీ ఉన్నాడో, ఏ పని సగంలో వదిలి వెళ్లాడో నీకు తెలియాలి. పాఠకుడికి అంతా చెప్పకపోయినా ఫరవాలేదు.

వీలు చేసుకుని జిల్లా కోర్టులో సెషన్స్ విచారణ జరిగే గదిలో వెనక బెంచీ మీద కూర్చో. సాధారణంగా ఎవరైనా వినవచ్చు. క్రాస్ ఎగ్జామినేషన్లో సాక్షి ఎక్కడ నీళ్లు నములుతాడో గమనించు. గ్రంథాలయంలో పాత పత్రికల బైండ్లు అడుగు. 1918లో పుట్టిన వేటపాలెం సారస్వత నికేతనం వంటి చోట్ల అలాంటి నిధులున్నాయి. మూలన వేసిన చిన్న వార్తలే నీకు పనికొస్తాయి. కానీ బతికున్న కుటుంబం దుఃఖాన్ని ఊరూ పేరూ మార్చి అచ్చు వేయకు. అది దొంగతనమే.

పాలవాడి జోలికి వెళ్లకు. ఆఖరి అధ్యాయం కోర్టులో రాసి, దసరా లోపు పంపు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి