'వీడికి ఇంట్రెస్ట్ లేదు' అనే ముందు

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ, డే స్కాలర్. పదిలో మంచి మార్కులే వచ్చాయి. ఇప్పుడు వెంటపడితే తప్ప పుస్తకం తీయడు. కోఠి గుజరాతీ గల్లీ నుంచి ఏవో బోర్డులు తెచ్చుకుని అర్ధరాత్రి దాకా స్పీకర్లు విప్పుతున్నాడని సోల్డరింగ్ ఐరన్ బీరువాలో పెట్టి తాళం వేశాం. వీక్లీ టెస్టులో ర్యాంకు వస్తే కొత్త ఫోన్ కొంటామన్నా కదల్లేదు. రోజూ రాత్రి ఐఐటీ విద్యార్థి ఫోన్ చేసి చూసుకునే ఆన్‌లైన్ మెంటరింగ్ ఒకటి ఉంది. వారానికోసారి ఇంటికొచ్చే మెంటర్ ఒకరు ఉన్నారు. ఏది మేలు? - ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, దసరా సెలవులు అయ్యేసరికి ఈ ప్రశ్న ఏటా వస్తుంది. ఏ మెంటర్ మేలో తర్వాత చెబుతాను. మీ అసలు భయం 'వీడికి చదువు మీద మనసు పోయింది, ఇక రాదేమో' అని. పోలేదు. నిశ్చింతగా ఉండండి.

ఆ స్పీకర్ పని ఎలా సాగుతుందో ఒకసారి పక్కన కూర్చుని చూడండి. అన్నీ అతికించాక శబ్దం రాదు. మల్టీమీటర్ తీసి ఒక్కో చోటా ఆనించి చూడాలి. చివరికి ఏదో ఒక పార్టు కాలు దగ్గర టంకం సరిగ్గా అంటుకోలేదని తేలుతుంది. కరిగించి మళ్లీ వేయాలి. ఎవరూ వెనక నిలబడకుండా, తప్పు దొరికేదాకా కూర్చునే ఆ ఓపికే ఫిజిక్స్ లెక్కకూ కావాలి. బాబు దగ్గర అది ఉంది.

మరి పుస్తకం దగ్గర ఎందుకు రావడం లేదు? ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు లోపలి ఆసక్తి నిలవడానికి మూడు కావాలంటారు: ఇది నేను ఎంచుకున్నది అనిపించాలి, నాకు చేతనవుతుంది అనిపించాలి, నా మనిషి అనుకునేవాళ్లు పక్కన ఉండాలి. స్పీకర్ దగ్గర బాబుకి మొదటి రెండూ ఉన్నాయి. చదువు దగ్గర మూడింట్లో ఒక్కటీ ఉన్నట్టు లేదు.

ముందు రెండోదాన్ని పట్టుకోండి, అన్నిటికంటే తొందరగా బాగయ్యేది అదే. ఫస్టియర్ ఫిజిక్స్ మొదటి పాఠాల్లోనే వెక్టర్లు, డెరివేటివ్‌లు వచ్చేస్తాయి. ఆ డెరివేటివ్‌లు నేర్పే డిఫరెన్షియేషన్ పాఠం మ్యాథ్స్‌లో వచ్చేది చివర్లో. ఈలోపు ఫిజిక్స్ క్లాసులో పైపైన చెప్పి ముందుకు వెళ్లిపోతే పిల్లాడు సూత్రం బట్టీపట్టి, లెక్క దగ్గర ఆగిపోతాడు. ఆగిపోయిన చోట రోజూ కూర్చోవడం ఎవరికైనా కష్టమే. ఇంట్లో దాన్ని బద్ధకం అంటాం. రోజుకు 40 నిమిషాల చొప్పున రెండు వారాలు వెక్టర్లు, ట్రిగనామెట్రీ, తేలిక డెరివేటివ్‌లు మాత్రమే చేయించండి. ఏ రోజు ఏది చేయాలో తననే ఎంచుకోనివ్వండి. ప్రతి వీక్లీ టెస్టు తర్వాత తప్పులు మూడు గడుల్లో రాసుకోమనండి: తెలియక పోయినవి, తెలిసీ పొరపాటు చేసినవి, టైమ్ చాలక వదిలేసినవి. మొదటి గడి నిండితే పాఠం మళ్లీ చదవాలి. రెండోది నిండితే కొత్త పాఠం జోలికి పోకుండా పాత లెక్కలే నెమ్మదిగా చేయాలి. ఆ నోట్‌బుక్ మీరు తెరవకండి.

ఫోన్ ఆశ పెట్టడం ఆపేయండి. 1973లో మార్క్ లెపర్ బృందం బొమ్మలు వేయడమంటే ఇష్టపడే చిన్నపిల్లల మీద ఒక ప్రయోగం చేసింది. బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పిన పిల్లలు, తర్వాత ఖాళీ సమయంలో మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగం సేపే బొమ్మలు వేశారు. చెప్పకుండా ఇచ్చిన పిల్లల్లో ఆ తగ్గుదల లేదు. బాగా చేశాడనిపించిన రోజు బిర్యానీకి తీసుకెళ్లండి. ముందుగా బేరం పెట్టొద్దు.

ఇక మెంటర్లు. ఈ రాత్రి ఫోన్ల మెంటరింగ్ మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. పొద్దున ఏడింటికి బస్సెక్కి సాయంత్రం పొద్దుపోయాక దిగే పిల్లాడికి తొమ్మిదిన్నరకు ఇంకొకరు ఫోన్ చేసి 'ఈరోజు ఎన్ని క్వశ్చన్లు చేశావ్' అని అడిగితే అది హాజరు తీసుకోవడం. ఐఐటీ ర్యాంకు మంచి విషయమే, కానీ చకచకా అర్థమైపోయినవాళ్లకు అవతలివాడు ఎక్కడ ఆగాడో కనిపించకపోవచ్చు. పైగా వాళ్లకూ సెమిస్టర్ పరీక్షలుంటాయి, నెల తిరక్కుండా మనిషి మారిపోవచ్చు. డబ్బు కట్టే ముందు మూడు అడగండి: ఒక్కరి కింద ఎంతమంది పిల్లలు? ఏడాదంతా అదే మనిషా? రిపోర్టు ముందు ఎవరికి వెళ్తుంది? మీకే వెళ్తుందంటే వద్దు, అలాంటి మెంటర్‌ని బాబు మీ మనిషిగానే చూస్తాడు, నిజం చెప్పడు. ఈ రెండింట్లో వారానికోసారి ఎదురుగా కూర్చునే మనిషే నయం. నాలుగు వారాలు చూసి, ఉంచాలా వద్దా బాబునే అడగండి. కాలేజీలోనే బాబు డౌట్ అడగడానికి వెళ్లే లెక్చరర్ ఒకరుంటే ఇదీ అక్కర్లేదు.

ఒక మాట కఠినంగా చెబుతాను, కోపం తెచ్చుకోకండి. కాలేజీ పంపే మార్కుల మెసేజ్‌ని బంధువుల గ్రూపులో పెట్టడం, బాబు వింటుండగా 'మావాడికి ఇంట్రెస్ట్ లేదండీ' అనడం ఉంటే ఈరోజే మానేయండి. పెద్దలు పదిసార్లు అన్న మాటను పిల్లాడు నిజమనుకుంటాడు.

నిద్ర చెడిపోయి, తిండి తగ్గి, ఆ స్పీకర్ల మీద కూడా ఆసక్తి పోతే మాత్రం అది మోటివేషన్ విషయం కాదు. ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

బీరువా తాళం తీసి సోల్డరింగ్ ఐరన్ ఇచ్చేయండి. 'ఇంత ర్యాంకు వస్తేనే' అని షరతు పెట్టొద్దు. పడుకునే టైమ్ ఒక్కటి ఇద్దరూ కలిసి నిర్ణయించుకోండి. రేపటి నుంచే 'మావాడు ఈసీఈ ఇంజినీర్' అని చెప్పడం కూడా మొదలుపెట్టకండి. కొన్నాళ్లు ఆ పని బాబుదిగానే ఉండనివ్వండి.