నడుస్తున్న పని మీద కంట్రోల్ సి కొట్టకు, బుజ్జీ

బుజ్జీ,

విజయవాడలో సర్వర్లు చూసుకునే ఉద్యోగంలో చేరుతున్నావని మీ నాన్న పొద్దున్నే ఫోన్ చేశాడు. పైగా రాత్రి షిఫ్టట. మన ఇళ్లలో కమాండ్లు కొట్టే ఆ నల్ల తెర (టెర్మినల్) ముందు కూర్చున్న ఆడపిల్లని నేనొక్కదాన్నే, ఇప్పుడు నువ్వు. బ్రాడీపేటలో మా లైనంతా చాటేశాను. ఇంతలో మీ నాన్న ఇంకో మాటన్నాడు: "తెర మీద వచ్చింది కాపీ చేసి పైవాళ్లకి పంపడమేగా, అదేం పని" అన్నావట. దాంతో నాకు గుబులు పట్టుకుంది.

మామూలువి ముందు చెప్పేస్తా. కమాండ్ చివర నిలువు గీత (|) పెట్టి, లైనక్స్‌లో ఎక్స్‌క్లిప్, అందులో తెరని నడిపేది వేలాండ్ అనే పద్ధతి అయితే డబ్ల్యూఎల్-కాపీ, మ్యాక్‌లో పీబీకాపీ, విండోస్‌లో క్లిప్ అని కొట్టు. వచ్చిందంతా క్లిప్‌బోర్డులోకి పోతుంది. ఎక్స్‌క్లిప్‌కి మాత్రం హైఫన్ సెలెక్షన్, పక్కన క్లిప్‌బోర్డ్ అని తగిలించు. లేకపోతే అది మౌస్ మధ్య బటన్‌తో అతికే చోటికి పోతుంది, నువ్వేమో కంట్రోల్ వి కొట్టి నిన్నటిదేదో పంపుతావు.

మొత్తం పంపకు. మిర్చి యార్డులో సరుకు చూడాలంటే గుప్పెడు కాయలు తీస్తారు గానీ టిక్కీ (బస్తా) మొత్తం నెత్తిన పెట్టరు కదా. గ్రెప్‌తో కావాల్సిన లైన్లు ఏరు, టెయిల్‌తో చివరి యాభై తీసుకో. ఎర్రర్లు ఆ గీత దాటవు, వేరే దారిలో నేరుగా తెర మీదకొస్తాయి. గీతకి ముందు 2>&1 అని రాస్తే అవీ కలుస్తాయి. పైవాళ్లు అడిగేది చాలాసార్లు ఆ ఎర్రరే. ఇంకోటి, దూరపు సర్వర్లోకి వెళ్లి అక్కడ ఎక్స్‌క్లిప్ కొడితే మామూలుగా నీ లాప్‌టాప్‌లోకి ఏమీ రాదు. దూరపు సర్వర్లోకి తీసుకెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ తర్వాత కమాండ్‌ని కోట్స్‌లో పెట్టి, గీతా ఎక్స్‌క్లిప్పూ కోట్స్ బయట ఉంచు.

ఇక అసలు సంగతి. నేను పనిచేసిన ఒక చోట, నెలాఖరు రాత్రి. నా పక్క సీట్లో కొత్తగా చేరిన కుర్రాడు, నీ ఈడువాడే. పాత సర్వర్నుంచి కొత్తదానికి డేటా ఎక్కుతోంది. సాయంత్రం మొదలెడితే తెల్లారేసరికి అవ్వాలి. ఎంతవరకొచ్చిందో పంపమని ఫోనొచ్చింది. వీడు మౌస్‌తో నాలుగు లైన్లు ఎంచి, కంట్రోల్ సి కొట్టాడు. వాడు నేర్చుకున్నదంతా విండోస్ మీద. అక్కడ ఎంచి కొడితే కాపీ. లైనక్స్ టెర్మినల్లో అదే నడుస్తున్న పనికి ఆగమని సిగ్నల్. టోపీ గుర్తు, పక్కన సి, కింద ఖాళీ ప్రాంప్టు. వాడికింకా తెలియలేదు, మెయిల్ తెరిచి అతికిస్తున్నాడు! డేటా మళ్లీ మొదట్నుంచీ ఎక్కించాల్సొచ్చింది. పొద్దున జనం వచ్చేసరికి సిస్టం లేదు. పెద్దాయన అందరి ముందూ వాణ్ణి కడిగేశాడు. నన్నడిగితే అంత పనిని ఉత్త విండోలో వదిలి, కొత్తవాడి చేతిలో పెట్టినవాళ్లని కడగాలి. ఆ తర్వాత కొన్నాళ్లు వాడు తెర మీద లైన్లని పెన్నుతో కాగితం మీద ఎక్కించుకుని, మెయిల్లో మళ్లీ టైపు చేసేవాడు. చూడలేకపోయేదాన్ని. నీకలాంటి భయం పట్టుకోకూడదే తల్లీ, అందుకే ఇంత చాదస్తం.

కాపీకి కంట్రోల్ షిఫ్ట్ సి. అంతకంటే మంచిది, పెద్ద పనిని టీమక్స్‌లో (విండో మూసినా లోపలి పని ఆగనివ్వదు) మొదలెట్టి, టీ కమాండ్‌తో ఫైల్లోకి కూడా రాయించు. ఎవరైనా అడిగితే ఇంకో విండోలో ఆ ఫైలు చివర తీసి పంపు. నడిచేదాని జోలికే పోనక్కర్లేదు.

గ్రూపులో అతికించే ముందు ఒకసారి చదువు. లాగుల్లో, అంటే సర్వర్ రాసుకునే చిట్టాల్లో, పాస్‌వర్డులూ, జనాల ఫోన్ నంబర్లూ దూరి ఉంటాయి. టెర్మినల్లో అతికించే ముందైతే రెండుసార్లు చదువు. చివర ఎంటర్ కూడా కాపీ అయి వస్తే, కొన్ని టెర్మినళ్లలో నువ్వు చూసేలోపే కమాండ్ నడిచిపోతుంది.

సోమవారం లోపు నీ లాప్‌టాప్‌లో పింగ్ (అవతలి కంప్యూటర్ పలుకుతోందో లేదో చూసే కమాండ్) నడిపించి, అది నడుస్తుండగానే రెండు లైన్లు ఎంచి కాపీ చేసి నాకు వాట్సాప్‌లో పెట్టు. పింగ్ ఆగిందో లేదో కూడా రాయి. రాత్రి షిఫ్టు దిగాక ఒక్కదానివే ఆటో ఎక్కకు, ఆఫీసు బండి ఉందేమో ముందే కనుక్కో.

మీ అత్త