తెల్లబట్ట, దురద: షాపు క్రీమ్ సరిపోతుందా?

బొబ్బిలి నుంచి ఒకరి ప్రశ్న: తెల్లబట్ట అవుతోంది, దురద విపరీతం. మెడికల్ షాపు క్రీమ్‌తో రెండ్రోజులు తగ్గి మళ్లీ మొదలైంది. ఏం చేయాలి?

ముందు ఆ ట్యూబు మీది చిన్న అక్షరాలు చదవండమ్మా. క్లోబెటసాల్, బెక్లోమెథాసోన్ లాంటి పేరుంటే అది స్టెరాయిడ్. దురదను కాసేపు అణిచి, చర్మాన్ని పలచబరిచి, ఫంగస్ పెరగడానికి దారిస్తుంది. ఆపేయండి.

విరిగిన పాలలా ముద్దలుగా, పెద్దగా వాసన లేకుండా, దురద, మంటతో ఉంటే ఎక్కువగా క్యాండిడా ఫంగస్. లోపల పెట్టుకునే క్లోట్రిమజోల్ మాత్ర గానీ, ఫ్లూకోనజోల్ 150 మి.గ్రా. ఒక్క మోతాదు గానీ ఇస్తారు. గర్భిణులు ఫ్లూకోనజోల్ మింగకూడదు. పదేపదే వస్తుంటే షుగరు పరీక్ష చేయించాల్సిందే. వరినాట్లకు వెళ్లొచ్చాక తడిబట్టలతో ఉండిపోకండి.

పలచగా, బూడిదరంగులో, చేపల నీచువాసనతో ఉంటే బ్యాక్టీరియల్ వెజినోసిస్ (యోనిలో బ్యాక్టీరియా సమతుల్యం తప్పడం) కావచ్చు. దానికి మెట్రోనిడజోల్. పసుపుపచ్చగా, నురగగా వస్తే కలయిక వల్ల అంటుకునే ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవిని అనుమానించాలి. అప్పుడు మీ ఆయన కూడా మందు వాడకపోతే మళ్లీ అంటుకుంటుంది.

ఈ లక్షణాలు కలిసిపోతుంటాయి, అందుకే పరీక్ష కావాలి. విజయనగరం ఘోషా ఆసుపత్రికి వెళ్లండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు. ప్రభుత్వ సురక్ష క్లినిక్‌లలో ఇలాంటి ఇన్ఫెక్షన్లకు మందులు ఉచితం. డెటాల్ నీళ్లతో లోపల కడగడం మాత్రం వద్దు. పొత్తికడుపు నొప్పి, జ్వరం, పుండ్లు ఉన్నా, గర్భవతి అయినా ఆ రోజే చూపించుకోండి.